రెండో జట్టు ఆఖరి ఏడాది

కార్డిఫ్‌లోని రగ్బీ సంఘం నుంచి ఆ ఉత్తరం వచ్చిన ఉదయం మా అమ్మ వంటింట్లో కూర్చుని రెండో జట్టు మేజోళ్లకి పడ్డ చిల్లులు కుడుతోంది. నాన్న ఉత్తరాన్ని నిలబడే చదివాడు. రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంక వాటి మీద కళ్లు పోగొట్టుకోకు ఐర్వెన్," అన్నాడు. "వచ్చే ఏడాది తొడుక్కునేవాడెవడూ ఉండడు."

"ఏం, అందరి కాళ్లూ కోసేస్తారా?" అంది అమ్మ తలెత్తకుండానే.

"రెండో జట్ల లీగు ఎత్తేస్తున్నారు. పోటీలన్నీ విప్పేసి మళ్లీ కొత్తగా పేరుస్తారట."

మా నాన్న హేడన్ ప్రోబర్ట్ పెన్‌గార్న్ రగ్బీ క్లబ్బుకి పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. అంతకుముందు కెప్టెన్. బొగ్గు గని మూసేశాక మా ఊళ్లో సాయంత్రం నలుగురు మగవాళ్లు కలవడానికి క్లబ్బొకటే మిగిలింది. నాన్నకి పగలు కూడా అదే మిగిలింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ట్రహార్న్ గారి మందుల షాపులో పని.

ఉత్తరంలో ఉన్నది నాన్న మాకు విడమరిచి చెప్పాడు. ఇకమీదట పై డివిజన్‌లో ఒక లోయకి ఒక్క క్లబ్బే. మా లోయలో రెండున్నాయి. కింద మేము, మూడు మైళ్ల పైన అబెర్నెల్. ఈ సీజను ముగిసేసరికి పట్టికలో ఎవరు పైనుంటే వాళ్లకి పై డివిజన్. రెండోవాళ్లు జిల్లా పోటీల్లో పడిపోతారు, అంటే వానలో గొర్రెలు తప్ప చూసే దిక్కుండని ఆటల్లోకి. రెండో జట్లకి ఇదే చివరి ఏడాది. అందులోనూ ఒక మెలిక పెట్టారు. సీజను మధ్యలో ఏ క్లబ్బయినా తన రెండో జట్టుని మాన్పిస్తే, ఆ క్లబ్బు మొదటి జట్టుకి ఆరు పాయింట్లు కోత.

"ఆరు పాయింట్లు పోతే మనం పోయినట్టే," అన్నాడు నాన్న. "ఆ గొర్రెకాళ్లోళ్ల కింద బతకాలి."

గొర్రెకాళ్లోళ్లంటే అబెర్నెల్ వాళ్లు. వాళ్లు మమ్మల్ని మసిమూతులనేవాళ్లు. అమ్మ పుట్టింది అబెర్నెల్‌లోనే. పెళ్లయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు. ఏటా రెండుసార్లు ఆ రెండూళ్లకీ మ్యాచ్ జరిగితే మా వైపు గట్టు మీదే నిలబడేది, మా వాళ్లకే అరిచేది. సొంత అక్క నెస్టా అవతలి గట్టు మీంచి చూస్తూ ఉండేది. ఆ రెండు రోజులూ వాళ్లిద్దరూ పలకరించుకునేవాళ్లు కాదు.

అంతలో మా అన్నయ్య ఇద్వల్ వీధి తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో రెండు రొట్టెలు. బేకరీ వ్యాను నడిపేవాడు. ఇరవై తొమ్మిదేళ్లు, తలుపులో పక్కకి తిరిగితే తప్ప పట్టని మనిషి. అందరూ బండోడనేవాళ్లు, వాడూ పలికేవాడు. స్క్రమ్ ముందు వరుసలో, అంటే ఎనిమిదేసి మంది తలలు వంచి భుజాలతో తోసుకునే చోట, అందరి బరువూ మెడ మీద మోసేవాడు వాడే. పదకొండేళ్లుగా రెండో జట్టులోనే. ఆరేళ్లుగా దానికి కెప్టెన్. మొదటి జట్టు చొక్కా ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఆ సంగతి నాన్న ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తకపోవడంలోనే ఉండేది వాడికి తగలాల్సింది.

విషయం విని వాడు రొట్టెలు బల్ల మీద పెట్టాడు. "మరి మా వాళ్ల గతేంటి నాన్నా?"

"మీవాళ్లు ఇప్పుడే జారుకుంటారు. ఆఖరి ఏడాదని తెలిశాక చలిలో ఎవడొస్తాడు?" నాన్న కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చున్నాడు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "చూడు ఇద్వల్. ఈస్టర్ దాకా ఎలాగోలా ఆ జట్టుని మైదానంలో నిలబెట్టు. కాళ్లు పట్టుకుంటావో, కాలర్లు పట్టుకుంటావో నీ ఇష్టం. గుడ్ ఫ్రైడే రోజు అబెర్నెల్ మీద నీకు మొదటి జట్టు చొక్కా నేనిస్తా."

అన్నయ్య బల్ల మీదికి వంగాడు. "నిజంగానా?"

"నేనెప్పుడన్నా మాట తప్పానా?"

అమ్మ దారాన్ని పంటితో తెంపింది. నాన్న వంక చాలాసేపు చూసింది.

ఆ శరదృతువంతా మా అన్నయ్య శనివారం వస్తే మనుషుల్ని ఏరుకొచ్చే పనిలో ఉండేవాడు. రొట్టెల పని అయ్యాక అదే వ్యాను ఇంటింటికీ తిప్పేవాడు. పెళ్లాం కొడుతుందని భయపడేవాడికి పెళ్లాం దగ్గరికెళ్లి తనే అడిగేవాడు. చర్చిలో ఆర్గన్ వాయించే నలభై ఏడేళ్ల ఆయన్ని రెక్క ఆటగాడిగా, అంటే మైదానం అంచు వెంట బంతితో పరిగెత్తేవాడిగా, దింపాడు. మాటలు మానేసి తొమ్మిదేళ్లయిన అన్నదమ్ములిద్దర్ని పక్కపక్కన ఆడించాడు. వాళ్లిద్దరూ బంతి కావాలన్నా అన్నయ్యతో చెప్పేవాళ్లు, అన్నయ్య రెండోవాడికి చెప్పేవాడు.

"వాడి చెవిలో చెప్పు, బంతి ఇమ్మని."

"ఇస్తానని చెప్పు, ముందు పరిగెత్తమను."

ఒకరోజు నేను చూస్తుండగానే ఇదంతా జరిగి, బంతి కాస్తా అవతలివాళ్లు పట్టుకుపోయారు. అన్నయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నవ్వాపుకోలేక, బురదలో కూర్చుండిపోయాడు.

వాడు బీరు మానేశాడు. సాయంత్రాలు కొండదారి వెంట పరిగెత్తేవాడు. అమ్మ చేసే ఎండుద్రాక్ష రొట్టెలు, పెనం మీంచి దిగకుండానే ఆరు తినేవాడు, ఇప్పుడు ఒకటి తుంపి పెట్టేసేవాడు. "ఏప్రిల్‌కి చొక్కా పట్టాలి కదే మెన్నా," అనేవాడు పొట్ట తడుముకుంటూ.

వచ్చినవాళ్లలో కాస్త పనికొచ్చేవాణ్ణి నాన్న వెంటనే మొదటి జట్టుకి లాగేసుకునేవాడు. క్రిస్మస్ లోపల అలా ఆరుగురు పోయారు. వాళ్లలో సెల్విన్ ఒకడు. అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు. ప్రతిసారీ అన్నయ్య మళ్లీ వ్యానెక్కేవాడు.

"పాపం వాణ్ణి అలా పీల్చేస్తున్నావేంటి నాన్నా," అన్నానొకసారి.

"వాడు ఆటగాడు కాదమ్మాయ్," అన్నాడు నాన్న పట్టికలో గీతలు కొడుతూ. "అంకె. ఆ పదిహేనులో ఒక అంకె. అది నిండితే చాలు."

పక్క గదిలో అన్నయ్య బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలీదు. ఈల వేస్తున్నవాడు కొంచెంసేపు ఆపి, మళ్లీ వేశాడు.

ఫిబ్రవరిలో కొండల అవతలి ఊళ్లో మ్యాచ్. మంచు గడ్డకట్టిన నేల. ఆ రోజు అన్నయ్యకి దొరికింది పన్నెండు మందే. అంతకంటే తగ్గితే ఆట రద్దు, రద్దయితే జట్టుని మాన్పించినట్టే లెక్క. ఆట మొదలైన పావుగంటకి స్క్రమ్ కూలింది. కింద పడ్డ అన్నయ్య తలకి ఎవరిదో మోకాలు తగిలింది. అన్నదమ్ములిద్దరూ తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది అప్పుడేనట. "చచ్చాడా?" అని ఒకడు, "చూడు," అని ఇంకొకడు. రిఫరీ బయటికి తీసుకెళ్లమన్నాడు. అన్నయ్య లేచాడు. ఎటువైపు ఆడుతున్నామని ఆర్గనాయన్ని అడిగాడు. ఆయన చెయ్యెత్తి చూపించాడు. అరవై అయిదు నిమిషాలు అటే తోశాడు.

ఇదంతా ఆర్గనాయన నాకు తర్వాతి వారం మందుల షాపులో చెప్పాడు. అప్పటికి అన్నయ్య నా దగ్గర తలనొప్పి బిళ్లలు మూడు డబ్బాలు తీసుకుపోయాడు.

నాలుగో డబ్బా అడిగినప్పుడు ట్రహార్న్ గారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఈ నొప్పి బిళ్లలతో పోయేది కాదు, డాక్టరు దగ్గరికి పంపించు," అన్నారు. నేను సరేనన్నాను. డబ్బా మాత్రం ఇచ్చాను.

మార్చికల్లా వాడు ఆస్పత్రి రొట్టెలు బడికి, బడి రొట్టెలు పోలీసు ఠాణాకి వేస్తున్నాడు. ఊరంతా నవ్వింది. ఒక ఉదయం వంటింట్లో వాడు కెటిల్ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"మెన్నా, ఇది... ఇదేంటే? నీళ్లు కాగేది. దీని పేరేంటి?"

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత వాడి కళ్లు చూసి నవ్వాపేశాను.

"అన్నయ్యా, డాక్టర్ దగ్గరికెళ్దాం పద."

"వెళ్తే ఏమంటాడో నీకు తెలుసుగా? ఆడొద్దంటాడు." కెటిల్ కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి అరచేతుల్లో నా చేతులు కనపడలేదు. "నాలుగు వారాలే. గుడ్ ఫ్రైడే అయ్యాక డాక్టర్ దగ్గరికి కాదు, దెయ్యాలు వదిలించేవాడి దగ్గరికి రమ్మన్నా వస్తా. నాన్నకి చెప్పకు. అమ్మకి అసలే చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టేశాను.

గుడ్ ఫ్రైడే వచ్చేసరికి పట్టికలో మాకూ అబెర్నెల్‌కీ సమానంగా పాయింట్లున్నాయి. సీజను ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే. ఆ పొద్దున్న అన్నయ్య ఆరింటికే లేచి స్నానం చేసి, జుట్టు తడిగా దువ్వుకుని, పెళ్లికి వెళ్లేవాడిలా పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరుగుతూ ఒకచోట ఆగి, గోడ పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. ఇంకో దెబ్బ తగిలితే వీడు ఉండడు అనిపించింది. ఆ మాట ఎవరో నా వెనక నిలబడి చెప్పినంత స్పష్టంగా అనిపించింది.

అమ్మ అప్పటికే క్లబ్బుకెళ్లింది, టీ కౌంటరు చూసుకోవడానికి. నాన్న ముందుగదిలో బల్ల దగ్గర జాబితా రాసుకుంటున్నాడు. నేను వెళ్లి అంతా చెప్పేశాను. దెబ్బ, బిళ్లలు, రొట్టెలు, కెటిల్.

నాన్న మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేను ఆగాక కలం కింద పెట్టి, ఊపిరి వదిలాడు. కొడుకు గురించి అలాంటి మాట విన్న తండ్రి వదలాల్సిన ఊపిరి కాదది.

"మంచి పని చేశావమ్మాయ్," అన్నాడు. "మిగతా ఆటగాళ్లకేం చెప్పాలా అని మూడ్రోజుల్నుంచీ చూస్తున్నా."

అప్పుడు చూశాను జాబితా. అదనపు ఆటగాళ్ల వరుసలో ముందు వరుసకి క్లెడ్విన్ అని ఉంది. పక్క లోయనుంచి నెలన్నర కింద తెచ్చుకున్నవాడు. పేరు మీద సిరా ఎప్పుడో ఆరిపోయింది. అన్నయ్య పేరు కొట్టేసి రాసింది కాదు. అసలా పేరు లేనేలేదు.

"వాడికి ముందే చెప్పు నాన్నా, ఇక్కడే, ఇంట్లోనే చెప్పు."

"సెల్విన్ లాంటివాళ్లు ఆరుగురున్నారు, బండోడికి చొక్కా ఇవ్వకపోతే మొహాలు వేలాడేసుకుంటారు. వాళ్ల ముందే తేలిపోవాలి," అని జాబితా మడిచి లేచాడు.

మా క్లబ్బులో టీ కౌంటరుకీ బట్టలు మార్చుకునే గదికీ మధ్య ఉన్నది చెక్కగోడ. అవతల ఎవరు తుమ్మినా వినపడుతుంది. అమ్మ కప్పులు సర్దుతోంది. నేను పాలు పోస్తున్నాను. బయట రెండు గట్లూ నిండిపోయాయి. లోపల మగవాళ్ల గోల ఒక్కసారిగా తగ్గింది, నాన్న గొంతు వినపడింది.

"ఇద్వల్, లేచి నిలబడు. ఇవాళేం వారం?"

"శుక్రవారం నాన్నా." నవ్వు. "గుడ్ ఫ్రైడే కదా."

"పోయిన శనివారం ఎవరి మీద ఆడావు?"

చప్పుడు లేదు.

"వందలోంచి ఏడేడు తీసేస్తూ చెప్పు."

"తొంభై మూడు. ఎనభై... ఎనభై..." మళ్లీ నవ్వాడు. "నాన్నా, నాకు లెక్కలు చిన్నప్పుడూ రాలేదు."

"రొట్టెలనుకుని లెక్కపెట్టు బండోడా," అన్నారెవరో. గది గొల్లుమంది.

అమ్మ చేతిలో కప్పు అలాగే ఉంది.

"ఇదేంటి?" అన్నాడు నాన్న. ఏం పట్టుకుని చూపించాడో మాకు కనపడదు. "చెప్పు. నా చేతిలో ఉన్నదేంటి?"

చాలాసేపటికి వినపడింది, చిన్నపిల్లాడి గొంతులా. "కట్టేది. బూటుకి... బూటుకి కట్టేది."

ఈసారి నవ్వినవాళ్లు తక్కువ.

"చూశారుగా," అన్నాడు నాన్న. "ఇది నేను కనిపెట్టింది కాదు. వీడి చెల్లెలే పొద్దున్న వచ్చి చెప్పింది. రెండు నెలల్నుంచీ ఇంతేనట. ఆ తొడుక్కున్న చొక్కా తీసి క్లెడ్విన్‌కియ్యి ఇద్వల్."

"నాన్నా, ఒక్క అయిదు నిమిషాలు. ఆఖర్లో. నువ్వు మాటిచ్చావు."

"తియ్యి."

గుడ్డ తల మీంచి లాగిన చప్పుడు వినపడింది.

అమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. నా వైపు తిరిగింది. "నీకెన్నాళ్లనుంచి తెలుసు?"

"ఫిబ్రవరి నుంచి."

అమ్మ తలూపింది, ఏదో ధర చెబితే విన్నట్టు. టీ మరిగే పెద్ద పాత్ర కింద మంట ఆర్పేసింది. ఏప్రన్ విప్పి, మడత పెట్టి, కౌంటరు మీద ఉంచి బయటికి నడిచింది.

అప్పటికి ఆట మొదలైంది. అన్నయ్య తన ఊలు చొక్కా తిరగేసి తొడుక్కుని, బూట్లు చేతిలో పట్టుకుని, గోడవార నిలబడి ఉన్నాడు. ఎటు వెళ్లాలో తెలియనట్టున్నాడు. అమ్మ వెళ్లి వాడి మోచెయ్యి పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్తుందనుకున్నాను. గేటు వైపు తిరగలేదు. గోల్‌పోస్టుల వెనకనుంచి, సున్నం గీత అంచు వెంబడి, ఇద్దరూ అవతలి వైపు నడవడం మొదలుపెట్టారు. వాడు మేజోళ్లతోనే నడుస్తున్నాడు.

మా గట్టు మీంచి ఎవరో కేకేశారు. "ఐర్వెన్, దారి తప్పావా?"

అమ్మ ఆగలేదు. మైదానం వెనక సగం దూరం వెళ్లేసరికి కేకలు తగ్గాయి. ముప్పై ఏళ్లుగా ఆటగాళ్ల బట్టలుతికి, కుట్టి, టీ పోసిన మనిషి ఎక్కడికి వెళ్తోందో రెండు గట్లకీ అర్థమైంది. అవతలివాళ్లలో ఒకడు, "మసిమూతులు టీ పంపారర్రా!" అన్నాడు. వాణ్ణి ఎవరో మోచేత్తో పొడిచారు. నెస్టా పెద్దమ్మ గట్టు దిగి రెండడుగులు ముందుకొచ్చింది. పక్కకి జరిగింది. జనం కాస్త దారిచ్చారు, అమ్మా అన్నయ్యా అందులో కలిశారు. మళ్లీ జనం మూసుకుపోయింది.

నేను కౌంటరు వెనకే ఉన్నాను.

ఆట మధ్య విరామంలో నాలుగొందల మంది టీ కోసం ఎగబడ్డారు. నాన్న రొప్పుతూ వచ్చాడు. "టీ ఏదీ? మీ అమ్మేదీ?"

వేలితో చూపించాను. ఎండ ఎదురుగా పడుతోంది. ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలి గట్టు వంక చూశాడు. ఇంతమందిలో ఎలా పోల్చుకున్నాడో, పోల్చుకున్నట్టు మొహంలో తెలిసింది. ఏదన్నా అంటాడని చూశాను.

"సరే. టీ నువ్వు పొయ్యి," అన్నాడు.

నేను మంట వెలిగించాను. టీ పోశాను.

మేము పదమూడు, వాళ్లు పది. గెలిచాం. ఆఖరి పావుగంట క్లెడ్విన్ ఆడాడు. ఒక్క స్క్రమ్ కూడా జరగలేదు ఆ పావుగంటలో. ఎవరినైనా నిలబెట్టి ఉండొచ్చు. బూటుకి కట్టేదాని పేరు తెలియనివాణ్ణి కూడా, గీత దగ్గర ఊరికే నిలబెట్టి ఉండొచ్చు.

సాయంత్రం నాన్న పాటలు పాడే గుంపుని వదిలేసి తొందరగానే ఇంటికొచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు. గుడ్ ఫ్రైడేకి అమ్మ ఎప్పుడూ చేపలు చేస్తుంది. చేపలు పచ్చివి అలాగే ఉన్నాయి.

"ఎప్పుడొస్తుందిట?"

"తెలీదు."

"ఆట పాడుచేసింది," అన్నాడు. "సగం మంది ఆటగాళ్లు బంతి మానేసి దాన్నే చూశారు. ఓడిపోయేవాళ్లం." చేపల గిన్నె పక్కకి జరిపి, "వాణ్ణి ఆడించి ఉంటే చచ్చేవాడు. నువ్వే చెప్పావుగా?" అన్నాడు.

నేనే చెప్పాను.

మర్నాడు నెస్టా పెద్దమ్మ మొగుడు కారులో వచ్చి అమ్మ కళ్లజోడు, అన్నయ్య బట్టలు తీసుకెళ్లాడు. నన్నూ రమ్మందా అని అడిగాను. "నీ ఇష్టమందమ్మా," అన్నాడాయన నేల చూస్తూ. రమ్మనడానికీ నీ ఇష్టమనడానికీ తేడా తెలియనంత చిన్నదాన్ని కాదు. మందుల షాపు ఇక్కడుంది, నాన్నకి గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఉండిపోయాను.

డాక్టర్లు అన్నయ్యని ఇంక ఆడొద్దన్నారు. ఏడాది దాకా వ్యాను కూడా నడపొద్దన్నారు. బేకరీ వాళ్లు వేరే వాణ్ణి పెట్టుకున్నారు. వేసవిలో మూడుసార్లు అబెర్నెల్ వెళ్లాను. అమ్మ టీ ఇచ్చింది, షాపు గురించి అడిగింది. నేను వీధి మొదట్లో కనపడగానే అన్నయ్య పెరటి తలుపు తీసుకుని కొండ మీదికి వెళ్లిపోయేవాడు. మూడోసారి వాడి టీ కప్పులోంచి ఇంకా ఆవిరి వస్తోంది. తర్వాత నేను వెళ్లలేదు.

జూన్‌లో కార్డిఫ్ నుంచి ఇంకో ఉత్తరం. పోటీల పేర్పు మళ్లీ మార్చారు. లోయకి ఒక్క క్లబ్బే అన్నది అలాగే ఉంచారు. కానీ గెలిచినవాళ్లు పైకి, ఓడినవాళ్లు కిందికి అన్నది తీసేశారు. రెండు క్లబ్బులూ కలిసిపోయి ఒకే జట్టుగా రావాలి. మా మైదానం కింద పాత గని సొరంగాలున్నాయి కాబట్టి ఆటలు అబెర్నెల్‌లో. మిగిలినవాటిలో మారనిది ఒక్కటే, రెండో జట్ల లీగు రద్దు.

కొత్త కమిటీకి మా వైపునుంచి అయిదుగురిని ఎన్నుకోవాలి. క్లబ్బు హాల్లో చేతులెత్తే ఓటు. నాన్న పేరు మొదట చదివారు. ముందు వరుసలో సెల్విన్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడి పక్కన ఆ అన్నదమ్ములిద్దరూ, వెనక ఆర్గనాయన, ఇంకా వాళ్ల వెనక అన్నయ్య వ్యానులో తిరిగిన వాళ్లందరూ అలాగే. నాన్న ఒక్కొక్కళ్ల మొహం చూస్తూ పోయాడు. ఎత్తిన చేతులు పదకొండు. చదివినాయన సంకోచిస్తూ మరోసారి లెక్కపెట్టాడు. పదకొండే.

కలిసిన జట్టు మొదటి మ్యాచ్ సెప్టెంబరులో. నేను వద్దన్నా నాన్న వినలేదు. కోటు వేసుకుని, పాత క్లబ్బు టై కట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట బస్సెక్కాను. అబెర్నెల్ మైదానం ముందు మనుషుల వరుస గేటు దాకా ఉంది. గేటు దగ్గర చిన్న బల్ల, బల్ల వెనక మా అన్నయ్య. కాస్త చిక్కాడు. రంగు బాగుంది.

మా వంతొచ్చింది. నాన్న గొంతు సవరించుకుని, "ఇద్వల్," అన్నాడు.

అన్నయ్య తలెత్తి చూశాడు. మర్యాదగా నవ్వాడు.

"మెంబరా అండీ మీరు?"

కలిసిన క్లబ్బుకి నాన్న చందా కట్టలేదు. "కాదు," అన్నాడు.

"అయితే టికెట్ తీసుకోవాలండీ."

నాన్న జేబులు తడుముకుని తీసుకున్నాడు. చిల్లర కింద పడితే అన్నయ్యే వంగి ఏరి ఇచ్చాడు. దెబ్బ ఇంత పాడుచేసిందా, కన్నతండ్రినే చెరిపేసిందా అనుకుని, వాడి చెయ్యి పట్టుకోవాలని ముందుకి వంగాను.

"మీకూ ఒకటేనా అండీ?" అన్నాడు వాడు నాతో.

టికెట్టు తీసుకుని పక్కకి జరిగాను. నా వెనక అబెర్నెల్ ముసలావిడ ఒకామె చేతికర్రతో నిలబడి ఉంది. అన్నయ్య బల్ల వెనకనుంచి లేచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"రా మార్గెడ్ అత్తా. మోకాలెలా ఉంది? మంగళవారం కుట్లు విప్పుతారన్నావు, విప్పారా? మీ మనవడు పదకొండో నంబరు కదా ఇవాళ, ఈ పక్క గట్టు మీద నిలబడు, బాగా కనపడతాడు."

నాన్న అప్పటికి లోపలికి నాలుగడుగులు వేశాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు, కానీ ఆ మాటలన్నీ వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడు.